మూడోసారి అడగాలి

ఫిబ్రవరి 22, ఆదివారం

మంచాన్ని ముందుగదిలో కిటికీ పక్కకి లాగించారు. మంచు కప్పిన పొలానికి అవతల చర్చి గోపురం కనిపిస్తోంది. కనిపించకపోతే బాగుండేది.

రెండు వారాల క్రితం అక్కడే పడ్డాను. ప్రభు భోజన సంస్కారపు ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల ట్రే పట్టుకుని బలిపీఠం వైపు నడుస్తుంటే తివాచీ అంచు కాలికి తగిలింది. తుంటి విరిగింది. గ్లాసులన్నీ పగిలాయి. ఎవరూ కెవ్వుమనలేదు. మిన్నెసోటా లూథరన్లం, ఇల్లు కాలుతున్నా ముందు గొంతు సవరించుకుంటాం. ఆర్గన్ వాయించే ఆవిడ కీర్తనలోని చరణాలన్నీ పూర్తి చేసింది. కింద పడుకుని విన్నాను. బాగానే వాయించింది.

ఫిబ్రవరి 24, ఉదయం

పాస్టర్ గ్రెచెన్ ఫోన్ చేశారు. సంస్కారం ఇంటికి తెచ్చిస్తానన్నారు. ఎందుకమ్మా, రోడ్లు బాగాలేవన్నాను. ఫర్వాలేదు, వస్తానన్నారు. వద్దులెండి, నాకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఉన్నారన్నాను.

"సరేనండీ, మీ ఇష్టం," అని పెట్టేశారు.

పెట్టేయడమే!

ఆవిడది టెక్సస్. మా నార్వే సంతతి పద్ధతి ఎవరూ చెప్పినట్టు లేదు. కాఫీ అయినా, కేకు అయినా, దేవుడి కృప అయినా మొదటి రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగితే, అంత బలవంతపెడితే సరే అనాలి. మా నాన్న ఒకసారి జర్మన్ల ఇంటికెళితే ఆపిల్ 'పై' ముక్క తింటారా అని ఒక్కసారే అడిగారట. ఆకలితో తిరిగొచ్చాడు. జర్మన్లు పిసినారులని పోయేదాకా చెప్పేవాడు. పాపం, ఆయనకి తీపి పడదని వాళ్లు ఈనాటికీ అనుకుంటూ ఉండి ఉంటారు.

మార్చి 1

మంచు. ఫోన్ మోగలేదు.

మార్చి 4, బుధవారం

నా భార్య చెల్లెలు ఆర్డిస్ ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల హాట్‌డిష్ పట్టుకొచ్చింది. పోయిన అక్క బదులు నన్ను తిట్టే బాధ్యత కూడా తనదే.

కొత్త గ్లాసులు ఇంకా రాలేదట. అందుకని చర్చిలో అందరికీ ఒకే గిన్నె. పాస్టర్ ప్రతిసారీ అంచు తుడిచి అందిస్తారట. అయినా మా వాళ్ల మొహాలు చూడాలంది.

"పడింది నువ్వు, బావా. ఓర్లిన్ ఎంగిలి తాగింది నేను."

ఓర్లిన్ మా చర్చివాడే. ఆయనకీ ఆర్డిస్‌కీ మాటలు లేక పదకొండేళ్లయింది. చర్చిలో తివాచీ ఎరుపు వేయాలని ఆయన, ఆకుపచ్చ వేయాలని ఈవిడ. ఎరుపు గెలిచింది. అప్పటినుంచి ఆర్డిస్ దానిమీద తప్పనిసరైతేనే అడుగు పెడుతుంది.

ఆదివారం తన కారు కదలకపోతే ఓర్లిన్ దింపాడట. దారంతా ఏం మాట్లాడుకున్నారని అడిగాను. ఏమీ లేదంది. హీటర్ మాత్రం తన వైపు తిప్పాడంది.

పాస్టర్‌ని రమ్మనమని చెప్పబోయాను. నాలుక కదల్లేదు. మనంతట మనం అడగడమంటే మా ఇళ్లలో పెళ్లిలో బట్టలిప్పుకున్నంత పని.

మార్చి 11, సాయంత్రం

ఈస్టర్ ముందు శ్రమల దినాలు కదా, బుధవారం చర్చిలో సూప్ భోజనం. కిటికీలోంచి కార్ల దీపాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను. నేను పగలగొట్టిన దాని వల్ల వాళ్లంతా ఒకే గిన్నెలో తాగుతున్నారు. నేను తప్ప.

మంచం, కిటికీ, రెండు వద్దులు. ఈ మూడింటి మధ్య ఇరుక్కున్నాను. తుంటి అతుక్కుంటుందని డాక్టర్ అన్నాడు. మిగతాదాని గురించి ఆయన్ని అడగలేదు.

మార్చి 26

నేనే పాస్టర్‌కి ఫోన్ చేశాను. వాతావరణం గురించి చెప్పాను. చర్చిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ గురించి చాలాసేపు చెప్పాను. ఓపిగ్గా విని, ఏమైనా కావాలా హాల్వర్ గారూ అన్నారు. అబ్బే, ఏం లేదన్నాను. నిజంగా ఏం వద్దా అన్నారు. వద్దన్నాను. ఇక పెట్టేస్తారని తెలుసు.

"ఇంకోసారి అడగండమ్మా."

ఆవిడ చాలా మెల్లగా, సంస్కారం తీసుకురానా అని అడిగారు.

"అంత బలవంతపెడితే, సరే," అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. తుంటి నొప్పి అనుకోవచ్చు.

ఏప్రిల్ 2, గురువారం

పాస్టర్ వచ్చారు. ఆర్డిస్ వచ్చింది. కారు నడిపింది ఓర్లిన్.

ఒకే గిన్నె. ఓర్లిన్ తాగాడు, ఆర్డిస్ తాగింది, నేను తాగాను. అప్పుడు పాస్టర్ మంచం పక్కన మోకరించి, నాకు మీరివ్వండి అన్నారు. వద్దమ్మా, నా చేతులు వణుకుతున్నాయన్నాను. ఇవ్వండి అన్నారు. ట్రే సంగతి మర్చిపోయారా అన్నాను. ఇవ్వండి అన్నారు. టెక్సస్ మనిషి నేర్చుకుంది.

ఇచ్చాను. ఆవిడ తాగింది కొంత, మా ఆవిడ కుట్టిన తెల్ల దుప్పటి తాగింది కొంత.

ఎర్రటి మరక మెల్లగా పాకింది. ఆర్డిస్ దాన్ని చాలాసేపు చూసింది.

"తివాచీకి ఎరుపే నయం, ఓర్లిన్," అంది.

ఓర్లిన్ గొంతు సవరించుకున్నాడు. మా వాళ్లలో అది కావలించుకోవడం కిందే లెక్క.

ఏప్రిల్ 5, ఈస్టర్

గంటలు వినిపించాయి. కిటికీ తెరిపించుకున్నాను. మరక పోయేలా దుప్పటి ఉతుకుతానని ఆర్డిస్ అంది. వద్దన్నాను. మళ్లీ అడిగింది. వద్దన్నాను.

మూడోసారి అడిగింది. వద్దన్నాను.