ఒక్క మనిషి తక్కువ

ఐయోవా, ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం

చిట్టితల్లి కిర్స్టెన్‌కు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ మీ నాన్నా తింటున్నాం, తిరుగుతున్నాం, ఒకరి మీద ఒకరం విసుక్కుంటున్నాం. అంటే కులాసాగా ఉన్నట్టే. న్యూ హాంప్‌షైర్ మంచులో నువ్వు కూడా వేళకి ఇంత తిని కంటినిండా నిద్రపోతున్నావని నమ్ముతాను. ఫోన్ ఎత్తని తల్లికి ఉత్తరమైనా రాయాలని నీకు తోచినందుకు సంతోషం. మొండితనంలో నా కూతురివే.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. హీటరు బాగైంది. డ్యూక్ ఇంకా కుంటుతూనే ఉంది గానీ పోస్టు బండి కనబడితే మొరుగుతూ పరిగెత్తేటప్పుడు ఆ కుంటు ఎటు పోతుందో తెలియదు. నాన్న దగ్గు తగ్గింది. సెనేటర్ విట్కమ్ పేరు కుట్టిన ఉన్ని టోపీ ఒకటి పంపావు కదా, దాన్ని తల మీంచి తీయడం లేదు. పొద్దున్నే ఆ టోపీతోనే పాల కొట్టంలోకి వెళ్తాడు. ఆవుల్ని అమ్మేశాక అక్కడ ఏం పని అని నేను అడగను, ఆయన చెప్పడు.

పార్టీ అభ్యర్థిని ఎంచుకునే మన కాకస్ సభ అయిన మర్నాటి నుంచి మన ఫోన్ మూగబోయింది. మొన్నటిదాకా గంటకొకరు తలుపు తట్టి, బూట్ల మంచు దులుపుకుంటూ, "మీ మద్దతు ఎవరికండీ?" అని అడిగేవాళ్ళు. మన సంతలో మొక్కజొన్న పొత్తులు కొరుకుతూ ఫోటోలు దిగిన పెద్దమనుషులందరూ విమానాలెక్కి తరవాతి ఓటింగుకి మీవైపు వచ్చేశారు. ఏరు దాటి తెప్ప తగలేయడం వీళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

నిన్న వార్తల్లో మీ సెనేటర్ అధ్యక్ష పదవి బరిలోంచి తప్పుకున్నారని చెప్పారు. ఆవిడ వెనక వరుసలో నువ్వు కనబడ్డావు. ముక్కు ఎర్రగా ఉంది. చలికి అని ఎవరికి చెప్పినా నాకు చెప్పకు. ఏడాదిగా తిండీ నిద్రా మాని ఆవిడ ప్రచారానికి ఊడిగం చేశావు. చివరికి ఇలా అయిందేమిటి తల్లీ!

నీ ఉత్తరంలో ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. టీవీ చర్చ చివరిదాకా చూశావా అమ్మా అన్నది ఒకటి. మన ఊళ్ళో మనవాళ్ళు ఎందుకు నిలవలేకపోయారు అన్నది రెండోది. ఈ రెంటికీ జవాబు రాయడానికి భయపడే ఇంతసేపూ కుక్క గురించీ హీటరు గురించీ రాశాను.

చర్చ చూశాం. చర్చి కింది హాల్లో పెద్ద తెర కట్టారు. ఊళ్ళో మీ సెనేటర్ తరఫున పని చూసేది మన పక్క పొలం డెలోరస్ కదా, అందరికీ కాఫీ ఆవిడే పోసింది. వేదిక మీద ఆరుగురు. ఒక్కొక్క జవాబుకి ఒక నిమిషం, దాటితే గంట కొడతారు. ఒకాయన ఏ ప్రశ్న అడిగినా వాళ్ళ తాత బొగ్గుగనిలోకి దిగిన కథే చెప్పాడు. "ఆ ముసలాయన్ని ఇంకోసారి గనిలోకి దింపితే నేనే వెళ్ళి పైకి లాగుతా" అంది డెలోరస్. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. పాల ధర సంగతి ఎత్తింది మీ సెనేటర్ ఒక్కతే. మిగతావాళ్ళకి పాలు ఆవు ఇస్తుందో సీసా ఇస్తుందో కూడా తెలిసినట్టు లేదు.

ఆ తరవాతే ఆవిడ మన కథ ఎత్తుకుంది. "ఐయోవాలో ఆర్డిస్ అనే తల్లి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పాల ధర పడిపోయి, ఆవుల మందని అమ్ముకున్న వారానికే ఆమె కొడుకు లోరెన్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ తల్లికి నేను మాట ఇచ్చాను..." అంటూ ఉండగా గంట మోగింది. నా కొడుకు సంగతి సగంలో ఆగిపోయింది. పక్కాయన పన్నుల గురించి అందుకున్నాడు.

ఆవిడ చెయ్యి నేను పట్టుకున్నది ఒక్కసారే, గ్రంథాలయంలో ఫోటోల వరుసలో. "మీ బూట్లు తడిసిపోయాయమ్మా, జలుబు చేస్తుంది" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మీ అన్న సంగతి ఆవిడకి చెప్పింది నువ్వే. తుపాకీ తుడుస్తుంటే పేలిందని కదా మనం ఊరికి చెప్పింది! రెండేళ్ళుగా ఆ మాట పట్టుకునే నేను తలెత్తుకుని చర్చికి వెళ్తున్నాను. ఆ క్షణాన హాల్లో అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. మీ నాన్న లేచి నా కోటు తెచ్చి భుజాల మీద వేశాడు. నీ మీద నిలువెల్లా మండిపోయాను. ఫోన్ ఎత్తనిది అందుకే.

మర్నాడు డెలోరస్ పొయ్యిలో కాల్చిన బంగాళాదుంపల వంటకం గిన్నెడు పట్టుకుని వచ్చింది. "ఆర్డిస్, పదేళ్ళ వయసు నుంచి తుపాకీ పట్టినవాడు, తుడుస్తూ పేల్చుకుంటాడా? మాకు తెలియదనుకున్నావా? నువ్వే చెబుతావని ఊరుకున్నాం" అంది. "ఊరుకున్నవాళ్ళు ఇప్పుడు కూడా ఊరుకోవాల్సింది" అని గిన్నె తీసుకుని మొహం మీదే తలుపు వేశాను. తరవాత ఆ గిన్నె ఎదురుగా పెట్టుకుని కూర్చుండిపోయాను. నేను కాపాడిన గుట్టు ఊరందరికీ తెలిసిందే. దానివల్ల నాకు ఒరిగిందల్లా, రెండేళ్ళపాటు వాడి గురించి నాతో ఎవరూ మాట్లాడకపోవడం.

ఇక రెండో ప్రశ్న. వేరే రాష్ట్రాల్లో తెర చాటున ఓటు వేసి ఎవరింటికి వాళ్ళు పోతారు. మన ఖర్మకి బడి ఆటల హాల్లో, ఊరందరి ఎదుటా, మూలకొక జట్టుగా నిలబడాలి. మీ నాన్న టోపీ సవరించుకుని తిన్నగా విట్కమ్ మూలకి నడిచాడు. "కూతురు చాకిరీ చేస్తుంటే తండ్రి ఇంకెక్కడ నిలబడతాడు?" అన్నాడు. నేను ఎటూ తేల్చుకోనివాళ్ళతో గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాను. తలలు లెక్కపెట్టారు. జట్టు నిలవాలంటే తొమ్మిది మంది ఉండాలి. మీవాళ్ళు ఎనిమిది మంది. తరవాత అరగంట బతిమాలుకునే సమయం. ఈలోగా నిండకపోతే ఆ మూల ఖాళీ చేసి వేరే మూలకి పోవాలి, లేదా ఇంటికి పోవాలి.

డెలోరస్ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఒక్క మనిషి చాలే ఆర్డిస్. మన పాల గోడు పట్టించుకున్నది ఆవిడొక్కతే. మాకోసం వద్దులే. లోరెన్ కోసం రావే."

అప్పటిదాకా నేను లేవబోతున్నాను కిర్స్టెన్. చేతిసంచీ కూడా భుజాన తగిలించుకున్నాను. వాళ్ళందరిలో సరైన మనిషి ఆవిడేనని నాకు తెలుసు, ఇప్పటికీ అదే అంటాను. కానీ నా బిడ్డ పేరు చెప్పి తలలు లెక్కపెడుతుంటే సంచీ తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. వెళ్ళి నిలబడితే, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చిన తల్లిని నిజంగా నేనే అయిపోతాను. "వాణ్ణి ఈ లెక్కలోకి తేకు" అన్నాను. అరగంటా ఊరంతా నన్నే చూసింది. నేను లేవలేదు.

తక్కువైన ఆ ఒక్క మనిషిని నేనే. మన ఒక్క ఊరితోనే ఆవిడ ఓడిపోలేదు అంటాడు నాన్న. కావచ్చు. కానీ నీ ఊళ్ళో, నీ బళ్ళో, నీ తరఫున నిలబడాల్సినప్పుడు నీ తల్లి కూర్చుంది. ఇది నీకు వేరొకరి నోట తెలియకూడదు.

సమయం అయిపోయాక మీ జట్టు చెదిరిపోయింది. "ఇటు రావయ్యా వెర్లిన్, మా దగ్గర కుకీలున్నాయి" అని పక్క మూలవాళ్ళు నాన్నని పిలిచారు. ఆయన ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, హాలు నడిమధ్యగా నడిచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంటికి వస్తూ పాల కొట్టం దగ్గర మలుపు తిరిగినప్పుడు, "లోరెన్ ఉంటే ఈ తమాషా చూసి పడీపడీ నవ్వేవాడు" అన్నాడు. వాడు పోయాక ఆయన నోట వాడి పేరు రావడం అదే మొదలు. "డెలోరస్‌ని నెల్లాళ్ళు ఏడిపించేవాడు" అన్నాను నేను. ఆయన బండి ఆపేశాడు. ఇద్దరం అక్కడే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాం.

ఇంటి గుట్టు సంతలో పెట్టావని నిన్ను నానా మాటలూ అనుకున్నాను. అన్న గురించి చెప్పుకోవడానికి ఈ ఇంట్లో నీకు మనిషి లేకపోయాడే! నువ్వు నోరు తెరిచినప్పుడల్లా నేను గిన్నెలు కడగడానికి లేచిపోయాను. పరాయి మనిషి ప్రచారం బస్సులో నీ పక్కన కూర్చుని విన్నది. విన్నదాన్ని ఆవిడ ఏం చేసిందో అది ఆవిడ పాపం. వినకపోవడం మాత్రం నాదే.

సామాను సర్దుకుని ఇంటికి రా. నేను అటక మీదికి ఎక్కించిన మీ అన్న కుర్చీని నాన్న నిన్న దించి తుడిచాడు. బల్ల దగ్గర వేశాం. నువ్వే ముందు మొదలుపెట్టు, నీకు ఎంతసేపు పడితే అంతసేపు చెప్పు. ఇక్కడ గంట కొట్టేవాళ్ళెవరూ లేరు.

ఇట్లు,
ఈసారి నీ పక్కనే కూర్చునే
అమ్మ