స్లో కుక్కర్ మూత తీయకు

మీ తమ్ముడు నాకు ఓపిక నేర్పుతాడట, అందుకే ఆ స్లో కుక్కర్ కొనిచ్చాడు. ఎముకల మాంసం వేసి పదింటికి ఆన్ చేశాను. ఆరింటికి ఉడకాలి గానీ, ఉండబట్టలేక నేనే మూడుసార్లు మూత తీశాను, ఇంకో గంట పడుతుంది. నువ్వు తీయకు. మాంసానికైతే ఇది పనికొస్తుంది. రోజూ వండే కూరగాయలకి దండగ, పొయ్యి మీద ఇరవై నిమిషాల పని.

ఐదింటికి వాడు ఇంటి కాగితాలతో వస్తాడు. "త్వరగా సంతకం పెట్టక్కా, ఆఫీసు మూసేస్తారు" అంటాడు. పెట్టకు. భోంచేసి వెళ్దువు గానీ అని కూర్చోబెట్టు. ఏడింటికి నేనొచ్చి, కూడబలుక్కునైనా సరే, ప్రతి అక్షరం చదువుతాను.

నీమీద కోపంతో చెప్పడం లేదు. కిందటిసారి నాతోనూ ఆ మాటే అన్నాడు, చదవకుండా పెట్టేశాను. పోయింది ఎకరం పావు.