కార్బన్ మీద ఒక్క వాక్యం

చిరంజీవి అమలకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ క్షేమమని రాయడానికి నేనొక్కణ్ణే ఉన్నాను, క్షేమమే. మోకాలి సంగతి అడిగావు, నడుస్తున్నాను. వంట సంగతి అడిగావు, తినగలుగుతున్నాను.

మీ రియాక్టర్‌లో భారజలమే ఎందుకు, గ్రాఫైట్ ఎందుకు కాదు అని కొత్తవాళ్ళు అడిగితే అమ్మలా ఎలా చెప్పాలన్నావు. అమ్మ క్లాసుకు క్యారమ్ బోర్డు మోసుకెళ్ళేది. కాయ మరో కాయకు ఎదురుగా తగిలితే దాదాపు ఆగిపోతుంది. బరువైన స్ట్రైకర్‌కు తగిలితే వెనక్కి తుళ్ళుతుంది, వేగం పెద్దగా తగ్గదు. న్యూట్రాన్‌కు గ్రాఫైట్‌లోని కార్బన్ అలాంటి స్ట్రైకర్. నెమ్మదించాలంటే చాలా దెబ్బలు తగలాలి, అందుకే గ్రాఫైట్ రియాక్టర్ అంత పెద్దది. మామూలు నీరు త్వరగా నెమ్మదింపజేస్తుంది గాని న్యూట్రాన్లను మింగుతుంది. మీ భారజలం బాగా తక్కువ మింగుతుంది.

ఇంత తేలిక విషయం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు ఎక్కలేదు. అమ్మ పోయాక కూడా అక్కడ ఆమె వీడియో పాఠమే నడిపేవారు కదా. రియాక్టర్‌లోంచి గ్రాఫైట్ మోడరేటర్ తీసేస్తే చర్య ఆగిపోతుందని అందులో చెప్పింది. పెరుగుతుందని వీళ్ళు జవాబుల కీలో అచ్చేసుకున్నారు. కీ దిద్దుకోవడం నామోషీ. అందుకని ఆ ఒక్క వాక్యాన్ని ఇంకొకరి గొంతుతో అతికిస్తామని, భర్తగా నా సంతకం కావాలని డైరెక్టర్ సాయినాథ్ పిలిచాడు. అతని గదిలో ఫిజిక్స్ పుస్తకం ఒక్కటీ లేదు. ర్యాంకర్ల ఫోటోలు మాత్రం కప్పు దాకా ఉన్నాయి.

“మోడరేటర్ అంటే బ్రేకు సార్. బ్రేకు తీస్తే బండి ఉరుకుతది గదా!”

“న్యూట్రాన్ నెమ్మదిస్తేనే యురేనియం సులువుగా చీలుతుంది. ఈ బండి నెమ్మదిస్తేనే నడుస్తుంది,” అన్నాను.

“గట్లాంటి బండి ఎల్బీ నగర్ చౌరస్తల గూడ జూడలే సార్! మేడమ్ అంటే మాకు శానా ఇజ్జత్. ఒక్క ముక్కనే గదా, జర సంతకం పెట్టుండ్రి. లేకుంటే పాఠం మొత్తం తీసేయాల్సొస్తది.”

ఇజ్జత్ అట. మనిషి లేదు కనుక ఆమె నోట ఏదైనా పెట్టొచ్చుననుకునే ఇజ్జత్.

ఆ పాఠం పంపమని నువ్వు అడుగుతూనే ఉన్నావు. నేను దాటవేస్తూ వచ్చాను. ఇప్పుడు చెప్తున్నాను. సంతకం పెట్టలేదు. వాళ్ళు తుడిచేశారు. అంతకుముందు ఒక ప్రతి ఇమ్మంటే ఇవ్వలేదు. వాయిస్ మెసేజ్‌లంటే ఆమెకు చిరాకని నీకు తెలుసు. ఆమె గొంతు మనకిక ఎక్కడా లేదు.

మళ్ళీ పిలిచినా పెట్టను. కాని ఆమె నీకు అమ్మ కూడా అన్న సంగతి, బయటికొచ్చి మెట్రో ఎక్కాక గాని నాకు తట్టలేదు.

ఇట్లు,
మీ నాన్న
చక్రపాణి