ఆ వారం నువ్వు సెలవులో లేవు

ఖుర్సీపార్, భిలాయ్
మంగళవారం

చిరంజీవి ఉదయ్‌కు నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. బాగున్నామని రాయగలిగినంత బాగున్నాం. ఈ సంగతులు ఫోన్లో వద్దన్నావు గనక, సెలవు ముగించుకుని రేపు అడవిలోని మీ జవాన్ల క్యాంపుకు తిరిగొస్తున్న కోహ్కా పేట జితేంద్ర చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. నాయనమ్మ కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే నన్ను చూసి, "ఏట్రా, ఇంత ముసిలోడివైపోయావు" అంది. అమ్మ మోకాలు అలాగే ఉంది. పవర్ హౌస్ బజారుకు ఆటోలో వెళ్ళమంటే వినదు.

ఇక అసలు ప్రశ్న. "కాలికి తూటా తగిలి, తుపాకీ పారేసి మాకు దొరికినవాడు యుద్ధఖైదీ అవుతాడా నాన్నా? నువ్వు కరపత్రాల్లో రాస్తుంటావు కదా" అని అడిగావు. కాడు. దేశాల మధ్య యుద్ధంలోనే ఆ హోదా. మన ప్రభుత్వం అడవిలో జరిగేదాన్ని యుద్ధమే అనదు, శాంతిభద్రతల సమస్య అంటుంది. అననీ. అప్పుడు వాడు ముద్దాయి. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కాదు, యుద్ధమే అంటారా? మన దేశం ఒప్పుకున్న జెనీవా ఒప్పందాల్లో మూడో అధికరణం ఉంది. దేశం లోపలి యుద్ధంలోనైనా ఆయుధం వదిలినవాణ్ణి, గాయపడినవాణ్ణి చంపకూడదు, హింసించకూడదు. ఇది పాటించినంత మాత్రాన ఎదుటి పక్షానికి కొత్త హోదా ఏదీ రాదని కూడా అందులోనే ఉంది. ఇంక ప్రభుత్వానికి భయమెందుకు? ఎటునుంచి వాదించినా చేతులు కట్టేసిన మనిషిని కాల్చడానికి దారి లేదు.

అడవిలో ఉన్నవాళ్ళకూ ఇదే చట్టం. వాళ్ళు ఒక జవానును ఎత్తుకుపోయి చంపినప్పుడు నేనిలాగే రాస్తే, యూనియన్ ఆఫీసులో శంకరరావు "నువ్వెటేపు కామ్రేడ్?" అని ఎగతాళి చేశాడు. కట్టేసిన చేతులవైపు అన్నాను. ఆ రోజు ఆ జవాబు నాకెంతో నచ్చింది. ఇప్పుడు గుర్తొస్తే నీరసంగా ఉంది.

నువ్వు రాసింది పదిసార్లు చదివాను. తువ్వాలు చింపి వాడి కాలికి కట్టావు. నీళ్ళు పట్టావు. నీది ఏ ఊరని అడిగాడు; భిలాయ్ అంటే, చిన్నప్పుడు ఇక్కడి పవర్ హౌస్ స్టేషన్లో రైలు దిగి సర్కస్ చూశానన్నాడు. మర్నాడు వాణ్ణి వేరే యూనిట్‌వాళ్ళు తీసుకుపోయారు. ఆ మర్నాడు ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పేపర్లో వచ్చింది.

"నా పేరు ఎవరైనా అడిగారా?" అన్న నీ చివరి ప్రశ్నను ఇంతసేపూ వాయిదా వేశాను. అడిగారు.

పోయిన శుక్రవారం దుర్గ్ నుంచి లాయరు ఛాయ వచ్చింది. చనిపోయినవాడి తల్లి తరఫున కేసు తనే నడుపుతోంది. శవంతో పాటు ఇచ్చిన బట్టల మూటలో రక్తం కట్టిన తువ్వాలు ముక్క ఉందట. ఎదురుకాల్పుల్లో చచ్చినవాడికి కట్టు ఎవరు కడతారు? ఫోన్లో ఫోటో చూపించింది. "అంకుల్, ఈ మూల ఎర్రదారంతో ఏదో కుట్టుంది. తెలుగేనా?"

తెలుగే. బ్యారక్‌లో తువ్వాళ్ళు కలిసిపోతాయని నాయనమ్మ కుట్టిన 'ఉ'.

"మీ ఉదయ్‌దీ ఆ క్యాంపే కదా? అప్పుడు డ్యూటీలో ఉన్నాడా?"

"లేడమ్మా. ఆ వారం సెలవులో ఇక్కడే ఉన్నాడు" అన్నాను. నోరు తడబడలేదురా.

ఆమె వెళ్ళాక వంటగదిలోంచి అమ్మ, "పోన్లెండి, ఇన్నేళ్ళకి ఒక్క మంచి పని చేసేరు" అంది.

నేను పనిచేసిన రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు కూలీ బలరాం ఎర్రగా కాలిన కడ్డీ తగిలి చనిపోయినప్పుడు, అంబులెన్సు రాకముందే కాంట్రాక్టరు వాడి జేబులోంచి గేట్ పాస్ తీసేశాడు. పాస్ లేకపోతే మనిషి లోపలికే రాలేదన్నమాట. నా మొదటి కరపత్రం దాని మీదే. నా ఉద్యోగం పోయిందీ దానితోనే. శుక్రవారం నేను చేసింది ఆ కాంట్రాక్టరు పనే. నీ గేట్ పాస్ లాగేశాను.

ఆదివారం దుర్గ్ వెళ్తున్నాను. ఉదయ్ ఆ వారం సెలవులో లేడు, నేను అబద్ధమాడాను అని చెబుతాను. అంతే చెబుతాను. కట్టు ఎవరు కట్టారంటే, కట్టినవాణ్ణే అడగమంటాను. సాక్ష్యం చెబితే నీ ఉద్యోగం పోవచ్చు. నీ పక్క మంచం వాడే నీతో మాట మానేయవచ్చు. చెప్పమని నేననను. మానమనీ అనను; నీ బదులు మాట్లాడే అర్హత శుక్రవారమే పోగొట్టుకున్నాను.

జితేంద్రతో రెండు కొత్త తువ్వాళ్ళు పంపుతున్నాం. ఈసారి అక్షరం కుట్టొద్దని అమ్మ గట్టిగా అడ్డుపడింది. నాయనమ్మకు సంగతేమీ తెలియదు. "ఏటి, నా మనవడు పేరు దాసుకు తిరగాలేటి?" అంది. కుట్టేసింది.

ఇట్లు,
నువ్వు అక్కడే ఉన్నావని తెలిసిన
మీ నాన్న