అల్మారాలో పెసర మొక్క

5 ఆగస్టు 2013, నాచారం
మనుమరాలు హిమజ ఆరో తరగతి. బడిలో కొత్త పద్ధతట. మేడం చెప్పదు, పిల్లలే చేసి చూసి తెలుసుకోవాలె. రెండు గ్లాసుల్ల మన్ను పోసి పెసర్లు నాటింది. ఒకటి కిటికీల, ఒకటి నా అల్మారాల. నా ధోతులు తీసి మంచం మీదేసింది. అడిగితే, తాతా, నీ ధోతులకు జర ఎండ తగలనీ అన్నది.

13 ఆగస్టు
చీకట్లది జానెడు లేచింది. తెల్లగ, సన్నగ. కిటికీలది బెత్తెడే. ఇదేం పంటనో. దీనికి నీళ్లు ఎక్కువ పోసినవా అని గద్దించిన. రెండిటికీ ఒక్కతీరే పోసిన, పక్కన కూసొని నువ్వే సూసినవ్ గద అన్నది. నిజమే, చూసిన.

14 ఆగస్టు
మేడం తారామణి తప్పన్నదట. ఎండలదే పొడుగు పెరగాలె, గైడుల అట్లనే ఉన్నదట. సోమవారం సరిగ్గ తేకుంటే మార్కులు లేవు. కోడలు స్వర్ణలత మేడం చెప్పిందే రాసి పారెయ్ అన్నది. కొడుకు నరేందర్ హబ్సిగూడల రెడీమేడ్ ప్రాజెక్టు దొరుకుతది, తెస్త అన్నడు. పిల్ల చూసిందే రాస్తనని అన్నం ముట్టలేదు.
చేసి చూడుమనుడెందుకు, చూసింది తప్పనుడెందుకు? అడుగుదామని బడి దాకా పోయిన. గేటు కాడ నిలబడి మర్లి వచ్చిన.

16 ఆగస్టు
గ్లాసులు రెండూ టేబుల్ మీదున్నయి. ఎండ, చీకటి అని చీటీలు. పిల్ల స్నానానికి పోయినప్పుడు చీటీలు అటుదిటు చేసిన. మార్కులన్న వస్తయని.

17 ఆగస్టు
చీటీలు మళ్ల మొదటి తీరుగున్నయి. మొండి పిల్ల. మళ్ల మార్చిన.

18 ఆగస్టు, ఆదివారం
చీటీల అంచులకు పసుపు పూసి పెట్టిందట. పొద్దుగాల అందరి చేతులు చూసింది. వాళ్లమ్మవి, నాన్నవి. తర్వాత నావి.
కోపం చెయ్యలేదు. ఎందుకు మార్చినవ్ తాతా అని మాత్రం అడిగింది. నీ మార్కుల కోసం అన్న. గట్లయితే రేపు నువ్వు బడికి రావాలె, నీళ్లు పోసింది చూసినోడివి నువ్వొక్కడివే అన్నది. నరేందర్ నవ్విండు, నాన్న బడిల మాట్లాడుడా అని.
సబ్బుతోటి మస్తు రుద్దిన. గోర్ల సందుల పసుపు పోలేదు.

19 ఆగస్టు
గేటు లోపలికి పోయిన. మేడం ఎవరు మీరు అని అడిగింది. చీటీలు మార్చినోణ్ణి, నీళ్లు పోసుడు చూసినోణ్ణి అని పసుపు వేళ్లు చూపించిన.