గంట విన్నా రాని ముగ్గురు

చిలకలగూడ, 1953, గురువారం

ఇవాళ కూడా పోచమ్మ ఫిర్యాదు విచారణకు రాలేదు. పోలీసు చర్య నాటి గందరగోళంలో ఆమె ఇంటి జాగాను కలిపేసుకున్న మనిషి ఇప్పుడు ఎమ్మెల్యే. విచారించాల్సింది అసెంబ్లీ కమిటీలోని అయిదుగురు తోటి ఎమ్మెల్యేలు. కనీసం ముగ్గురు కూర్చుంటేనే కోరం.

అధ్యక్షుడు, ఇంకొకాయన వచ్చి కూర్చున్నారు. మిగతా ముగ్గురూ పక్క గదిలో ఆ ఎమ్మెల్యేతోనే చాయ్ తాగుతున్నారు. రివాజు ప్రకారం కమిటీ గుమాస్తానైన నేను, సభ్యులను పిలిచే కోరం గంట నొక్కాను. పది నిమిషాలు మోగింది. గంట మోతలో కూడా వాళ్ల నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. అది ఆగాక ఆ ముగ్గురిలో ఒకాయన తలుపు దగ్గరికొచ్చి, "అరే, వాయిదా పడిందా?" అన్నాడు.

"బడిగంట కొడితే పోరగాండ్లు సుత ఉరుకుతరు. గీళ్లకు ఇనపడలేదా సారూ?" అంది పోచమ్మ. కూరగాయల బేరం మానుకుని ఆమె రావడం ఇది మూడోసారి.

రిజిస్టర్‌లో నేను రాసింది చదివి వినిపించాను. ముగ్గురు గైర్హాజరు, కోరం లేదు.

"గదేంది? ఆడనే కూసున్నరు గద! నువ్వు సుత చూసినవ్. గది రాయి."

"దానికి గడి లేదు పోచమ్మా" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే లేదు. ఉంటే మాత్రం రాసేవాడినా? నౌకరీ...

రాత్రి అన్నం పెడుతూ నా భార్య రూతు, ఇవాళన్నా ఆ ముసలామె పని అయిందా అని అడిగింది. ఇంట్లో కూడా నా నోటికి వచ్చింది ఆ మాటే. కోరం లేదు.

ముగ్గురూ పక్క గదిలోనే ఉన్నారు. నేను చూశాను. రాశాను, పోచమ్మకు ఎందుకూ పనికిరాని ఈ డైరీలో.