పసుపుకొమ్ము రంగు కారు

దమ్మామ్

ప్రేమగల అక్కకు తమ్ముడు రాజేశం దండాలు పెట్టి రాస్తున్నది.

నా ఒంట్లో బాగానే ఉంది. దగ్గు తగ్గింది, వేళకు తింటున్నాను, దిగులు పడకు. నీ మోకాలు ఎలా ఉంది, బావ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడా, పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా, అన్నీ రాయి. మొన్న ఫోన్లో కోప్పడ్డావు. "అన్నం తిన్నవా అంటె తిన్న అంటవు, పని ఎట్లున్నదంటె ఉన్నది అంటవు. గింతేనారా? ఓ ఉత్తరమన్న రాయి, పుర్సత్‌గ సదువుకుంట" అన్నావు. నిజమే. అదీకాక నువ్వు ఫోన్ స్పీకర్లో పెడితే ఇంటిల్లిపాదీ వింటారు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి. మన పక్క ఊరి మేస్త్రి ఒకాయన ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని వస్తున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. సముద్రం పక్కన కాబట్టి ఎండకు తోడు ఉక్క. గది తలుపు తీయగానే కళ్లద్దాలు మసకబారిపోతాయి. పని మాత్రం నీడపట్టునే. కార్లకు సొట్టలు తీసి రంగు వేసే షాపు, నీకు తెలిసిందే. కంప్రెసర్ మోతలో చెవులు పనిచేయవు, ముక్కు నిండా థిన్నర్ వాసన. గదిలో వంట నాది, గిన్నెలు తోమడం మస్తాన్ అన్నది. మస్తాన్ అన్న కడప మనిషి. ఆగిపోయిన కార్లను పైకెక్కించుకుని తీసుకుపోయే లారీ నడుపుతాడు. పప్పులో చింతపండు ఎక్కువైందని ఆయన, గిన్నెల అడుగు తోమలేదని నేను, రోజూ ఇదే గొడవ. అలాగని ఒకరు రానిదే ఇంకొకరం ముద్ద ముట్టం.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటికి రమ్మని నువ్వు అడిగిన ప్రతిసారీ "కఫీల్ పంపుతలేడు" అన్నాను, నువ్వు నమ్మావు. నిజానికి నాకు వీసా ఇచ్చిన ఆ కఫీల్ మొహం నేను ఒక్కసారే చూశాను. నాది ఆజాద్ వీసా అక్కా. కాగితం మీద నాయిఫ్ అనే సౌదీ ఆయన మనిషిని, పని మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ. మధ్యలో జలీల్ భాయ్ అని హైదరాబాదు ఏజెంటు ఉండేవాడు. ఏడాదికోసారి ఆయనే ఇఖామా కొత్తది చేయించి తెచ్చేవాడు. ఆ కార్డు లేనిదే ఇక్కడ వీధిలో నిలబడలేం. కఫీల్ ఎక్కడుంటాడని అడిగితే "నీకెందుకు, నేను లేనా" అనేవాడు. ఆయన ఉన్నాడు కదా అని నేనూ అడగడం మానేశాను.

ఇప్పుడు సర్కారు బయటి దేశాల వాళ్ల మీద, వాళ్ల పెళ్లాం పిల్లల మీద కూడా పన్ను వేసింది. జలీల్ భాయ్ ముందు కుటుంబాన్ని పంపేశాడు, రంజాన్ తర్వాత తనూ పోయాడు. మాట మాత్రం చెప్పలేదు. ఫోన్ చేస్తే మోగదు. నా ఇఖామా గడువేమో దగ్గర పడింది. షాపు యజమాని అబూ ఫహద్ మంచివాడు, గొంతు పెంచడు. ఒకరోజు పిలిచి చెప్పాడు. నీ కఫీల్ రిలీజ్ ఇస్తే నా పేరు మీదకు తెచ్చుకుంటాను, నా వైపు నుంచి అర్జీ పంపేశాను, ఆయన ఒప్పుకోవడమే మిగిలింది, ఒప్పుకోకపోతే మాత్రం షాపులోకి రావద్దు, తనిఖీ వాళ్లు వస్తే నేను మునుగుతాను అన్నాడు.

ఈలోపు ఆ నాయిఫ్ నన్ను హురూబ్ అని రాయించాడంటే, అంటే పారిపోయిన మనిషినని రాయించాడంటే, ఇక రిలీజూ లేదు, మర్యాదగా ఇంటికి రావడమూ లేదు. పట్టుకుని జైల్లో పెట్టి, వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు. మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టలేం. కాబట్టి ఆయన్ని వెతికి పట్టుకోవాలి. ఫోన్ నంబరు లేదు, ఇల్లు తెలియదు. తెలిసింది ఆయన కారు ఒక్కటే.

రెండేళ్ల కింద జలీల్ భాయ్ ఆయన్ని మా షాపుకు తీసుకొచ్చాడు. ఎడమ తలుపు గీసుకుపోతే నేనే రంగు వేశాను. పచ్చి పసుపుకొమ్ము విరిస్తే లోపల ఉంటుందే, ఆ రంగు. ముందు జాలీ మీద పరుగెత్తే గుర్రం బొమ్మ. పాతదానితో కలిసేలా కలపడానికి రెండు రోజులు డబ్బాల ముందే కూర్చున్నాను. ఆయన సొంతూరు హఫర్ అల్ బాతిన్ అనీ, సెలవు రోజుల్లో మా పక్కనున్న ఖోబర్ వచ్చి సముద్రం ఒడ్డున కారు తిప్పడం ఆయనకు సరదా అనీ జలీల్ భాయ్ అప్పుడు అన్నాడు.

ఇక ప్రతి శుక్రవారం సాయంత్రం నేనూ మస్తాన్ అన్నా ఖోబర్ ఒడ్డున గోడ మీద కూర్చోవడం మొదలుపెట్టాం.

అక్కడి కార్ల సంగతి నీకు చెప్పాలి. నడిపేవాళ్లకు ఎక్కడికీ పోయే పని ఉండదు. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి. బహ్రెయిన్ వంతెన దాటి వచ్చేవి కొన్ని. పేర్లు పలకడం మాకు రాదు, బొమ్మలతోనే గుర్తుపెట్టుకుంటాం. ఎద్దు బొమ్మది నేలకు జానెడు ఎత్తులో పాకుతూ పోతుంది. రెక్కల బొమ్మది చప్పుడు చేయదు, వెనక సీట్లో ఎవరో ముసలాయన కునుకు తీస్తుంటాడు. ముందుకాళ్లు లేపిన గుర్రం ఎర్రగా ఉంటుంది, అది వస్తోందని రెండు సిగ్నళ్ల ముందే తెలుస్తుంది. పోరగాళ్లు ఫోన్లు పట్టుకుని వెంటపడతారు. మస్తాన్ అన్న మాత్రం లొట్టలు వేయడు. "ఇది నా బండెక్కాలంటే కింద పలకలు పెట్టాల, లేకుంటే పొట్ట రాసుకుంటాది" అంటాడు. నేను చూసేది రంగు. ఎక్కడ రెండోసారి వేశారో, ఎక్కడ ఎండకు తేలిపోయిందో. ఎంత ఖరీదు బండి అయినా మా ఇద్దరికీ అది పనే.

మొదట్లో పసుపు రంగు కనబడితే చాలు లేచి నిలబడేవాడిని.

"అన్నా, అగో సూడు, పసుపుది."

"యే గుర్రమప్పా? కాళ్లెత్తిందా, పరిగెత్తేదా?"

"కాళ్లెత్తింది."

"అట్లయితే కూచో. నీ కఫీల్‌కు అంత లేదు."

మూడో వారమో నాలుగో వారమో, పరుగెత్తే గుర్రమే వచ్చింది, అచ్చం ఆ రంగే. సిగ్నల్ దగ్గర ఆగింది. మస్తాన్ అన్న ఆగమంటున్నా వినకుండా ఉరికాను. ఎడమ తలుపు మీద వంగి నేను వేసిన రంగు కోసం చూశాను. అది నా చెయ్యి కాదు. తల ఎత్తితే అద్దం అవతల స్టీరింగ్ పట్టుకుని ఒక అమ్మాయి. ఇక్కడ ఆడవాళ్లను కారు నడపనిచ్చి ఎన్నో రోజులు కాలేదు. పక్క సీట్లోంచి ఆమె తండ్రి దిగాడు. ఆడపిల్ల కారులోకి తొంగిచూశాడని ఆయన పోలీసులను పిలిస్తే నా కథ అక్కడే ముగిసేది.

మస్తాన్ అన్న వచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకుని అరబ్బీలో బతిమాలాడు. వీడు కార్ల పెయింటరు, రంగు పిచ్చివాడు, మనుషులు వీడి కంటికి ఆనరు అన్నాడు. ఆ పెద్దాయన నా చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో వారం నాటి రంగు ఉంది. రెండు మాటలు గట్టిగా అని, వెనక బంపర్ మీద ఒక గీత చూపించి ఇది పోతుందా అని అడిగాడు. అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. మర్నాడు కారు నిజంగానే మా షాపుకు వచ్చింది. అబూ ఫహద్ సంతోషించాడు గానీ ఎలా వచ్చిందో నేను చెప్పలేదు.

గదికి పోయాక మస్తాన్ అన్న చీవాట్లు పెట్టాడు. "ఇట్లగాదప్పా. నువ్వు ఉరుకులాడితే కఫీల్ దొరికేలోపల జైలు దొరుకుతాది. మా లారీ డ్రైవర్లకు చెప్తా, వాళ్లు చూస్తారు" అని వాళ్ల వాట్సాప్ గ్రూపులో హిందీలో ఒక మాట పెట్టాడు. పఠాన్లూ బెంగాలీలూ అందరూ ఉన్నారు అందులో. ఇక నా ఫోన్ నిండా పసుపు బండ్లే. టాక్సీలు పంపారు, మట్టి తోడే యంత్రం పంపారు. ఎక్కడో ఎర్ర సముద్రం ఒడ్డున రాబిగ్ నుంచి ఒకాయన స్కూలు బస్సు ఫోటో పంపి, ఇదేనా అన్నాడు. నవ్వుకున్నాం. కానీ ఇఖామా గడువులో వారమే మిగిలింది, రాత్రి నిద్ర పట్టేది కాదు.

మొన్న మధ్యాహ్నం షాపులో ఉండగా మస్తాన్ అన్న ఫోన్ చేశాడు.

"రాజేశం, యాడుండావ్?"

"షాపుల్నే ఉన్న. ఏందన్నా?"

"నీ కఫీల్ గుర్రం నా బండెక్కింది. పేరు గూడా అడిగినా. ఆయప్ప నా పక్కనే కూచోనుండాడు, తెలుగు రాదు గాబట్టి చెప్తాండా. రోడ్డు మీదికి రా, మీ షాపు ముందర ఆపుతా."

ఒక పఠాన్ డ్రైవరుకు కారు ఎక్కించాలని కబురొస్తే, రంగు చూసి ఆ పని మస్తాన్ అన్నకు అప్పగించాడట. చేతిలో స్ప్రే గన్ అలాగే వదిలేసి, మూతికి కట్టిన మాస్కు కూడా తీయకుండా పరుగెత్తాను.

లారీ వచ్చింది. పైన ఎండలో పసుపు కారు, అద్దాల నిండా దుమ్ము. ఆ కంగారులో కూడా ఎడమ తలుపు చూశాను. రంగు తేలిపోలేదు. నాయిఫ్ దిగాడు. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దవాడేమో. ఏదో బడిలో గుమాస్తా అట. కారు ఆగిపోయిందట, పాత బండ్లు అమ్మే చోటికి పోతోంది. ఆయన పేరు మీదున్న చిన్న కంపెనీలో సౌదీ వాళ్లు లేరని నితాఖత్ కింద ఎర్ర గుర్తు వేశారు, పైన పన్నులు. కారూ కంపెనీ రెండూ వదిలించుకుంటున్నానని తనే చెప్పాడు, ఫిర్యాదులా కాదు, మామూలుగా.

నాకొచ్చిన షాపు అరబ్బీలో పేరు చెప్పి ఇఖామా చూపించాను. ఆయన ఫోన్ తెరిచి వెతికాడు. ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నువ్వు వెళ్లిపోలేదా? అందరూ వెళ్లిపోయారని జలీల్ చెప్పాడే" అన్నాడు.

ఆ తర్వాత ఏదో గబగబా అన్నాడు. మస్తాన్ అన్న మొహం మారింది. "ఆదివారం ఆపీసుకు పోయి పేర్లన్నీ హురూబ్ రాయించాలనుకున్నాడంట" అని మెల్లగా చెప్పాడు. కోపం రాలేదక్కా. ఆయన లెక్కలో నేను ఇక్కడ లేను, అంతే.

నాయిఫ్ ఫోన్ చేతిలో పట్టుకుని అడిగాడు. "నీకేం కావాలి? రిలీజా, ఎగ్జిటా? ఎగ్జిట్ అంటే ఇప్పుడే కొడతాను. ఏ కేసూ ఉండదు, వారంలో మీ ఇంట్లో ఉంటావు."

మూతి మీది మాస్కు అప్పుడు తీశాను.

"రిలీజ్ అని చెప్పప్పా, దానికే గదా ఇన్ని దినాలు తిరిగింది" అన్నాడు మస్తాన్ అన్న.

దానికే తిరిగాను. కానీ ఎగ్జిట్ కూడా ఇస్తానంటాడని నేను అనుకోలేదు. కోరుట్ల బస్టాండు వెనక బావ షెడ్డు చూసి ఉంచాడు, నువ్వొస్తే ఇద్దరూ కలిసి పెయింటింగ్ షాపు పెట్టుకోవచ్చు అని నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అంటావు. "వస్త అక్కా, ఈ కఫీల్ ఇడువనీ" అని నేను అనేవాడిని. ఇదిగో కఫీల్ విడిచిపెట్టాడు. ఎండలో నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు. వెనక షాపు గుమ్మంలో అబూ ఫహద్ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

రిలీజ్ అన్నాను.

ఆయన ఫోన్ మీద వేలితో నొక్కాడు. ఆరేళ్లుగా నేను మోసిన బరువంతా అంతసేపటి పని. లారీ ఎక్కి పోయాడు. నేను లోపలికొచ్చి సగంలో వదిలిన బానెట్ పూర్తి చేశాను.

అప్పటినుంచీ ఎందుకలా అన్నానా అని ఆలోచిస్తున్నాను. బావ మీద నమ్మకం లేక కాదు. భయం వేసిందక్కా. రాలేనని తెలుసు కాబట్టే వస్తానని అంత ధీమాగా అనేవాడిని. తలుపు తీసి పొమ్మంటే కాళ్లు రాలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఈ పని నాకిష్టం. నేను రంగు వేశాక అబూ ఫహద్ వేలితో తడిమి చూసి, ఏమీ అనకుండా పోతాడు. ఏమీ అనలేదంటే బాగుందని. ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంటుంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గల్ఫ్‌లో కష్టమంటే ఇంటి దగ్గర నమ్ముతారు, ఇష్టమంటే నమ్మరు.

నిన్ను చూడాలని లేదనుకోకు. చాలా ఉంది. రాస్తుంటే ఏడుపొస్తోంది. కొత్త కాగితం ప్రకారం మొదటి సెలవు రెండేళ్ల తర్వాతే.

బావకు నువ్వే నెమ్మదిగా చెప్పు. షెడ్డు ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యమను, నా కోసం ఆపొద్దు. ఈసారి ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే గుప్పెడు పుంటికూర విత్తులు పంపు, షాపు వెనక కాస్త నేల ఉంది. పెద్దమ్మకూ పెదనాన్నకూ నా దండాలు. పిల్లలకు ముద్దులు. మస్తాన్ అన్న నీకు సలాం చెప్పమన్నాడు, చింతపండు సంగతి కూడా నీకు రాయమన్నాడు. మీ అందరి దీవెన నా మీద ఉండాలి.

ఆరేళ్లుగా నువ్వు ఆ కఫీల్‌ను తిట్టని రోజు లేదని బావ చెబుతుంటాడు. ఇక ఆయన్ని తిట్టకు అక్కా. ఇన్నాళ్లూ నేను రాలేకపోయాను, ఇప్పుడు రావడం లేదు. తిట్టాలనిపిస్తే నన్నే తిట్టు.

ఇట్లు
నీ తమ్ముడు
రాజేశం